చామంతి వాటా పొంగలి

పుదుచ్చేరిలో ఎవరైనా ఆవు ముందు తీపి పట్టుకుంటే అది ఆవు నోట్లోకి పోయేది కాదు, వరదరాజులు నోట్లోకి పోయేది. ఆయనకున్న అలవాటు అదొక్కటే. బీడీ లేదు, పేకాట లేదు, ఊరి మీద పడి కబుర్లు చెప్పుకోవడం లేదు. అరటిపండు కానీయండి, బెల్లం ముక్క కానీయండి, గుడి నుంచి తెచ్చిన చక్కెరపొంగలి కానీయండి, ఆవుకని చెయ్యి చాపితే చాలు, ఎక్కడి నుంచి ఊడిపడేవాడో, మధ్యలో దూరి, పుచ్చుకుని గుటుక్కున మింగేసేవాడు. మింగి, పంచె అంచుతో మూతి తుడుచుకుని, ముత్యాలపేటలో చంటిపిల్లలకు కూడా బట్టీ వచ్చేసిన మాట అనేవాడు.

"దానికొద్దు. దాని కార్జమే చేసుకుంటాది."

ఆ పేటలో తెలుగిళ్లల్లో ఆయన కార్జం మామ, అరవ ఇళ్లల్లో ఈరల్ తాత. రెండింటికీ అర్థం ఒకటే, కాలేయం. అసలు పేరు రేషన్ కార్డుకూ పోస్ట్‌మాన్‌కూ తప్ప ఎవరికీ అక్కర్లేకుండా పోయింది. కొత్తగా అద్దెకొచ్చిన ఒకాయన ఆ పేరు విని, మాంసం అంగడి పెట్టుకున్నాడనుకుని, ఆదివారం పొద్దున్నే గిన్నె పట్టుకుని ఆయన గుమ్మం ముందు నిలబడ్డాడు కూడా.

ఈ కార్జం మాట అందరికంటే ఎక్కువసార్లు విన్నదీ, అందరికంటే ఎక్కువ మండిపడ్డదీ తిలకవతి. ఎందుకంటే ఆవు ఆమెది. పేరు చామంతి. తిలకవతికి వెనకా ముందూ ఎవరూ లేరు. చామంతే ఇల్లూ వాకిలీ, పొలమూ పుట్రా. తెల్లారగానే సైకిలుకు పాలక్యాను కట్టుకుని, ఫ్రెంచివాళ్ల నాటి వైట్ టౌన్ గెస్టుహౌసులకు పోసి వచ్చేది. ముహూర్తాల రోజుల్లో ఆవునూ దూడనూ కడిగి, కొమ్ములకు పసుపు రాసి, గృహప్రవేశాలకు తోలుకుపోయేది. కొత్తింట్లో మొదట ఆవూ దూడా అడుగుపెట్టాలి, ఆ తర్వాతే మనుషులు. రెండు వేల ఆరు ప్రాంతంలో లాస్‌పేట వైపు ఎక్కడ చూసినా కొత్త ఫ్లాట్లే. ఇళ్లు పెరిగాయి గానీ ఆవులు పెరగలేదు. బాజాకు బెదరని, సిమెంటు నేల మీద జారని చామంతి కోసం జనం నెల ముందే తిలకవతికి చెప్పుకునేవాళ్లు.

పిలిచి పూజ చేసిన ఆవును వట్టి కడుపుతో ఎవరు పంపుతారు? ఇంటివాళ్లు, ఇంటివాళ్ల చుట్టాలు, ఆ చుట్టాల చుట్టాలు, తలా ఒక పొంగలి ముద్ద. ఆ ముద్దలకూ ఆవుకూ మధ్య పిలవని పేరంటంలా వరదరాజులు.

"ఏంది మామా ఈ తిండి," అని తిలకవతి అందరి ముందే దులిపేసేది. "ఆకలైతే మా ఇంటికి రండి, కూడు పెడతా. దాని నోటికాడిది ఎందుకు లాక్కుంటుండారు?"

"నాకు ఆకలని ఎవురు చెప్పిరి?"

"మరేంది?"

"దానికొద్దు తిలకా. దాని కార్జమే చేసుకుంటాది."

"మీ కార్జానికేం రోగం? అది చేసుకోదా?"

"నాది వట్టి మనిషి కార్జం. దానికంత తెలివి లేదు," అని ఇంకో అరటిపండు ఒలిచేవాడు.

ఈ తెలివి ఆయనకు ఎక్కడ అబ్బిందో చెప్పాలి. మద్రాసులో పశువైద్యం నేర్పే కాలేజీలో ఆయన ఇరవై ఎనిమిదేళ్లు ల్యాబ్ అటెండరు. పాఠం చెప్పే ప్రొఫెసర్లు మారారు, వినే పిల్లలు మారారు, ప్రతి ఏడాదీ అదే గదిలో అదే పాఠం జరిగేది: పాలిచ్చే ఆవుకు చక్కెర ఎక్కడి నుంచి వస్తుంది. వెనక నిలబడి గాజు గొట్టాలు కడుగుతూ వరదరాజులు ఇరవై ఎనిమిది సార్లు విన్నాడు. పిల్లలు పరీక్ష రాసి మరిచిపోయేవాళ్లు. పాపం ఆయనకు పరీక్ష లేదు, అందుకని మరిచిపోయే వీలు లేకపోయింది. రిటైరై సొంత ఊరు వచ్చేటప్పటికి ఆయన దగ్గర ఒక ఇనప పెట్టె, ఒక గొడుగు, ఆవు కార్జం మీద కొండంత గౌరవం మిగిలాయి.

ఆ గౌరవానికి చిన్నా పెద్దా తేడా లేదు. ఒకసారి వైట్ టౌన్లో గెస్టుహౌసు ముందు ఫ్రెంచి దొరసాని ఒకామె ముచ్చటపడి చామంతికి జాము పూసిన రొట్టె అందించింది. రొట్టె మాయమైంది. ఎదురుగా నెరిసిన మీసాలతో ముసలాయన నములుతున్నాడు. "మేడమ్, నో నీడ్. లివర్ మేకింగ్," అన్నాడు గంభీరంగా. ఆమె భయపడి రెండో రొట్టె కూడా ఆయనకే ఇచ్చేసి లోపలికి పోయి తలుపేసుకుంది. ఆ నెల ఆ గెస్టుహౌసు వాళ్లు పాలు వేరే చోట పోయించుకున్నారు. తిలకవతి వారం రోజులు ఆయనతో మాట్లాడలేదు. మాట్లాడలేదన్న సంగతి ఆయన గమనించలేదు, అది వేరే విషయం.

కరెంటు ఆఫీసు రఘునాథన్ కథ ఇంకా అన్యాయం. జ్యోతిష్కుడు ఆయనకు తొమ్మిది శుక్రవారాలు ఆవుకు తొమ్మిదేసి లడ్డూలు పెట్టమన్నాడు, కారైకాల్ నుంచి బదిలీ అయి ఇంటికొస్తావని. తొమ్మిది శుక్రవారాలూ వరదరాజులే తిన్నాడు. రఘునాథన్ కాళ్లావేళ్లా పడ్డాడు, కేకలేశాడు, ఒక శుక్రవారం వేషం మార్చి గోడ దూకి కూడా వచ్చాడు. లాభం లేకపోయింది. పదో వారం బదిలీ ఆర్డరు వచ్చింది. లడ్డూలు ఆవుకు పోకపోయినా ఫలం ఎలా వచ్చిందో తెలియక ఆయన దారిలో వరదరాజులు కనబడితే చెప్పులు విడిచి దండం పెట్టి పోయేవాడు.

ఊరికే తిని ఊరుకుంటే సరిపోయేది. ఒకరోజు ఆయన మద్రాసులో నేర్చుకున్న తెలుగు అక్షరాలతో 'ఈ ఆవుకు తీపి పెట్టరాదు' అని పలక మీద రాసి చామంతి మెడలో కట్టాడు. ముత్యాలపేటలో తెలుగు మాట్లాడే ఇళ్లు వంద ఉంటే, తెలుగు చదవగలిగిన ఇళ్లు రెండు. మిగతావాళ్లు అదేదో మంత్రం అనుకున్నారు. సాయంత్రానికి పలకకు కుంకుమ బొట్లు పడ్డాయి, చామంతికి మామూలు కంటే రెండింతలు అరటిపళ్లు వచ్చాయి. వరదరాజులు ఆ రాత్రి అన్నం తినలేదంటే అది కోపం వల్ల కాదు.

ఆడి నెలలో, అంటే అరవవాళ్ల ఆషాఢంలో, ఎవరూ కొత్తిల్లు చేరరు. ఆ నెల చివర్లో చామంతి ఈనింది, పెయ్యదూడ. తర్వాతి నెల ఆవణి వచ్చేసరికి ఆగిపోయిన ముహూర్తాలన్నీ ఒకేసారి కట్టలు తెంచుకున్నాయి. సరిగ్గా అప్పుడే వరదరాజులు పింఛను కాగితాల పని మీద పది రోజులు మద్రాసు పోవలసి వచ్చింది. పోతూ పోతూ గొడుగు ఊపి, "తీపి జాగ్రత్త," అన్నాడు. "ముందు బస్సు చూసుకోండి," అంది తిలకవతి. బస్సు కదిలాక ఆమెకు చెప్పలేనంత హాయిగా అనిపించింది. ఇన్నాళ్లకు తన ఆవు కడుపునిండా తింటుంది.

మొదటి ఏడు రోజుల్లోనే ఏడు గృహప్రవేశాలు. చామంతి ఏడు ఇళ్ల పొంగలీ తింది. మిగిలింది తిలకవతి బకెట్టులో ఇంటికి తెచ్చేది. ఆవు పేరు చెప్పి తీసిపెట్టిన దాన్ని పారేయకూడదు, ఇంట్లో మనుషులు తినకూడదు. అందుకని అదీ చామంతికే. పైగా బాలింత కదా, బలం రావాలని బెల్లం నీళ్లు కూడా తాగించింది. అంత ప్రేమగా ఎవరూ ఏ ఆవునూ పాడుచేసి ఉండరు.

ఎనిమిదో రోజు చామంతి దాణా ముట్టలేదు. తొమ్మిదో రోజు గడ్డి వాసన చూసి తల తిప్పుకుంది. పద్నాలుగు లీటర్లిచ్చే పొదుగు ఆరు లీటర్లకు దిగింది. నడుము ఎముకలు తేలాయి, నిలబడితే తూలుతోంది. తిలకవతి నీరసమేమోనని ఇంకొంచెం బెల్లం నీళ్లు కలిపింది.

పదో రోజు మధ్యాహ్నం వరదరాజులు బస్సు దిగి, ఇంటికి పోకుండా, గొడుగూ సంచీతో సహా నేరుగా కొట్టంలోకి వచ్చాడు. చామంతి మూతి రెండు చేతులా పట్టుకుని ముక్కు ఆనించి గట్టిగా పీల్చాడు.

"గోళ్లరంగు వాసన," అన్నాడు.

"నేను గోళ్లకు రంగేసింది మీరెప్పుడు చూస్తిరి?"

"నువ్వు కాదు. దీని ఊపిరి. ఏం పెడితివి దీనికి?"

తిలకవతి బకెట్టు వైపు చూసింది. ఆయనా చూశాడు. బకెట్టు అంచుకు జీడిపప్పు అంటుకుని ఉంది. ఆయన తిడతాడని ఆమె ఎదురుచూసింది. తిట్టలేదు. గొడుగు గోడకు ఆనించి, గట్టు మీద కూర్చుని, ఇరవై ఎనిమిదేళ్లు విన్న పాఠం మొదటిసారి తను చెప్పాడు.

"పాలు తియ్యగుంటాయి గదా. ఆ తీపి యాడ్నించి వచ్చింది?"

"నేను పెట్టిన బెల్లం నించి."

"కాదు. దాని పొట్టలో ఒక ఊరుండాది. కంటికి ఆనని పురుగులు, కోట్లు. నువ్వేం పెట్టినా ముందు అవే తింటాయి. నీ బెల్లం, నీ పొంగలి, ఒక్క పలుకు కూడా ఆవుకు చక్కెరగా దక్కదు. అవి తిని ఒక పులుపు వదుల్తాయి. ఆ పులుపును కార్జం లాక్కోని, దాంతో చక్కెర వండుతాది. గడ్డి తిన్యా, దాణా తిన్యా చక్కెర వండేది కార్జమే."

"సరి. వండనీ."

"ఈనక ముందు కొంచెం వండితే చాలు. ఈన్యాక పద్నాలుగు లీటర్ల పాలు. పాలన్నిట్లో తీపి కావాల. అప్పుడు కార్జం రేయీ పగలూ తిరగాల, రైసుమిల్లు తిరిగినట్ల. మిల్లుకు ఒడ్లు పొయ్యకపోతే?"

"నేను పోస్తిని గదా మామా, బకెట్టు బకెట్టు."

"నువ్వు పోసింది ఒడ్లు కాదు, బురద. అంత తీపి ఒకేసారి పడితే పొట్ట ఊరంతా పులిసిపోతాది. ఇంక గడ్డి తినలేదు. ఆడ మిల్లు ఆగదు, పాలు అడుగుతానే ఉంటాయి. ఇంక ఏం చేస్తాది? ఒంట్లో కొవ్వు కరిగించి కాలుస్తాది. అది సరిగ్గా కాలదు. సగం కాలిన కొవ్వు వాసనే ఈ గోళ్లరంగు వాసన."

తిలకవతికి ఏడుపొచ్చింది. తన చేత్తో తనే పెట్టింది. "చచ్చిపోతాదా?" అని అడిగింది.

"నేనుండంగానా?" అన్నాడు ఆయన, ఎవరో తనను అవమానించినట్టు.

వెంటనే పోయి ప్రభుత్వ పశువుల ఆస్పత్రి డాక్టరు నరేంద్రన్‌ను స్కూటరు వెనక కూర్చుని మరీ తీసుకొచ్చాడు. డాక్టరు చూసి, పొట్ట తట్టి, వాసన పీల్చి, "పెద్దాయన చెప్పింది నిజమే," అన్నాడు. పొట్ట పులుపుకు మందిచ్చి, మెడ నరానికి గ్లూకోజు సీసాలు కట్టాడు. తిలకవతి కళ్లు తుడుచుకుని సీసా మీద అక్షరాలు చూసింది.

"గ్లూకోజంటే చక్కెరే గదా. ఇన్నేళ్లు చక్కెర ఒద్దంటిరి, ఇప్పుడు సీసాల్తో ఎక్కిస్తుండారు."

"ఇది నరంలోకి పోతాది. పురుగులకు తెలియకండా," అన్నాడు వరదరాజులు, దొంగసొత్తు దాటించినంత రహస్యంగా.

తర్వాత మూడు రోజులు పూటపూటకూ డాక్టరు రాసిచ్చిన గ్లిజరిన్ మందు పట్టాలి. తిలకవతి వేలు ముంచి నాకి చూసింది.

"మామా, ఇది తియ్యగా ఉండాది."

"తియ్యగుండేదంతా చక్కెరా? ఇది మిల్లుకు ఒడ్లు. కార్జం దీన్ని చక్కెర చేసుకుంటాది." తనూ ఒక చుక్క నాలుక మీద వేసుకున్నాడు. వేసుకోగానే ఆయన మొహం వేపాకు నమిలినట్టు వంకర్లు పోయింది. మందు కదా అనుకుంది తిలకవతి.

మూడో రోజుకు చామంతి గడ్డి పరక పట్టుకుంది. నాలుగో రోజు కొంచెం దాణా తింది. ఊపిరిలో గోళ్లరంగు తగ్గి మళ్లీ ఆవు వాసన వచ్చింది. తిలకవతి గుండె కుదుటపడింది, పడీ పడగానే ఇంకో పిడుగు పడింది. మర్నాడు రాజరత్నం గృహప్రవేశం.

రాజరత్నం బాహూరులో చెరువు కింద భూములున్న మనిషి, లాస్‌పేటలో ఫ్లాటు కొన్నాడు. ఆయన తల్లి పొన్నమ్మాళ్ ఎనిమిదేళ్ల కిందట, మొగుడు పోయి దిక్కు తోచకుండా ఉన్న తిలకవతికి తన కొట్టంలో పుట్టిన పెయ్యను ఊరికే ఇచ్చి పంపింది. ఆ పెయ్యే చామంతి. "నా ఇంట్లో పుట్టిన బిడ్డే నా కొత్తింట్లో అడుగు పెట్టాల," అని ముసలమ్మ రెండు నెలల ముందే మాట తీసుకుంది. ఆమెకు రానని ఏ నోటితో చెప్పాలి? పోతే ఎనభై మంది ఎనభై ముద్దలు పెడతారు. డాక్టరేమో, మెల్లగా నడిపిస్తే పరవాలేదు గానీ ఇంకోసారి పొట్ట పులిస్తే ఆవు మీద ఆశ వదులుకోవాల్సిందే అన్నాడు.

"పో," అన్నాడు వరదరాజులు. "నేనొస్తా."

"ఎనభై మంది మామా."

"నోరొకటి చాలదా?"

మర్నాడు పొద్దున రాజరత్నం ఫ్లాట్ల ముందు షామియానా, నాదస్వరం. పట్టుపంచెలో రాజరత్నం ఎదురొచ్చి ఆవును రెండో అంతస్తుకు ఎక్కించమన్నాడు. "ఆవు మెట్లెక్కుతాది, దిగదు. తర్వాత మీరూ అదీ కలిసి కాపురం చేయాల," అన్నాడు వరదరాజులు. పూజ చేయించే వాద్యారు పంచాంగం తిప్పి, ఆవరణ అంతా ఒకే ఇల్లు కిందే లెక్క, కింద వాకిట్లో అడుగు పెట్టినా చాలు అని తేల్చాడు. చామంతీ దూడా వాకిట్లో నిలబడ్డాయి. హారతి అయింది. జనం పొంగలి గిన్నెల మీద పడ్డారు.

మొదటి ముద్ద రాజరత్నం చేతిలోంచి వరదరాజులు నోట్లోకి పోయింది. రెండోది ఆయన తమ్ముడిది. మూడోది ఎవరో కళ్లద్దాలావిడది. జనం ఎడమ పక్క నుంచి వస్తే ఎడమకు, కుడి పక్క నుంచి వస్తే కుడికి, చామంతి మూతి ముందు చేతులు చాపి, ఆ పెద్దమనిషి కబడ్డీ ఆడాడు. తిలకవతి పలుపు పట్టుకుని తల వంచుకుని నిలబడింది.

"ఎవరీ పెద్దాయన? పక్కకు రమ్మనండి," అన్నాడు రాజరత్నం.

"రాను. దానికొద్దు. దాని కార్జమే చేసుకుంటాది."

"అపచారం," అన్నాడు వాద్యారు.

"అయితే నాకే తగలనీ. ఇట్లియ్యండి ఆ అరటిపండు."

"ఇంట్లో తిండి పెట్టరా నీకు?" రాజరత్నం గొంతు పెంచాడు. "వాచ్‌మన్‌ను పిలిచి తోయించాల్సొస్తాది."

"తోయించండి. గేటు బయట నిలబడతా. ముద్దలు ఆడికే పంపించండి."

జనం నవ్వారు. ఎవరో తిండిపోతు అన్నారు, ఎవరో పిచ్చి అన్నారు, సెల్‌ఫోనున్న ఒకాయన ఫొటో తీశాడు. తిలకవతి మొహం సిగ్గుతో మండిపోయింది. తన ఆవు కోసం ఆయన మాట పడుతున్నాడని ఆమెకు తెలుసు. తెలిసీ చేతిలో పలుపునే చూస్తూ నిలబడింది. ఇరవై, ముప్పై, నలభై ముద్దలు. ఆయన నుదుటి మీద చెమట పోసింది, కళ్లు ఎర్రబడ్డాయి, గొంతులో ముద్ద దిగడానికి మెడ ముందుకు చాపుతున్నాడు. చేతులు మాత్రం దించలేదు.

అప్పుడు జనం తప్పుకుని దారిచ్చారు. పొన్నమ్మాళ్ వస్తోంది. చేతిలో చిన్న వెండి గిన్నె, అందులో ఆమె స్వయంగా చేసిన పొంగలి. ముసలమ్మ ఆవు ఎదురుగా ఆగి, వరదరాజుల్ని ఎగాదిగా చూసింది.

"అది నా ఇంటి బిడ్డ. నేను పెట్టకూడదా?"

"కూడదక్కా."

"ఎందుకంట?"

"దానికి ఒళ్లు బాగలేకుండె, ఇప్పుడిప్పుడే లేచింది. తీపి తింటే మళ్లీ పడిపోతాది. ఈసారి లేవదు."

ముసలమ్మ చామంతి వైపు చూసింది. తేలిన నడుము ఎముకల మీద చెయ్యేసి నిమిరింది. చెయ్యి అక్కడే కాసేపు ఉండిపోయింది. "మూడు గంటలకు లేచి చేస్తిని," అంది మెల్లగా. "ఆవుకని తీసింది మళ్లీ ఇంట్లోకి తీసుకపోకూడదు. ఏం చేయమంటావు?"

వరదరాజులు రెండు చేతులూ దోసిలి పట్టాడు. పొన్నమ్మాళ్ గిన్నె వంచింది. ఆయన అంతా, అడుగున నెయ్యితో సహా, తిన్నాడు. తిని, "ఏలకులు బాగా పడినాయక్కా," అన్నాడు. చామంతి ఆ క్షణాన్నే తోకెత్తి కొత్త వాకిట్లో నిండుగా పేడ వేసింది. అంతకంటే శుభం గృహప్రవేశంలో ఇంకొకటి లేదు. నాదస్వరం వాళ్లు అందుకున్నారు, ముసలమ్మ మొహం విప్పారింది.

సాయంత్రం తిలకవతి చెంబుడు పాలు తీసుకుని వరదరాజులు ఇంటికి పోయింది. ఆయన అరుగు మీద వెల్లకిలా పడి, నాలుక మీద నిమ్మకాయ ఊరగాయ బద్ద పెట్టుకుని కళ్లు మూసుకుని ఉన్నాడు. పక్కన ఉప్పు మజ్జిగ చెంబు. భార్య అమ్మాయమ్మ విసనకర్ర విసురుతోంది.

"ఏం పెట్టి పంపితివే ఈ మనిషికి?" అంది అమ్మాయమ్మ. "వచ్చినకాడ్నించి ఊరగాయ జాడీ ఒదల్లేదు."

"తీపి కొంచెం ఎక్కువ తిన్యారత్తా."

"తీపా? ఈయనా?" విసనకర్ర ఆగిపోయింది. "మా పెండ్లిలో పాయసం వాసన పడక పందిట్లోంచి లేచిపోయినోడు. రెండాకుల పాయసమూ నేనే తాగితిని. నలభై ఏండ్లాయె, ఈ ఇంట్లో కాఫీలో చక్కెర లేదు, పండగకు పొంగలి లేదు. అల్లుడొస్తే కూడా కారబ్బూందే."

తిలకవతి పాల చెంబు కింద పెట్టేసింది. నలభై ముద్దలు, తొమ్మిది శుక్రవారాల లడ్డూలు, జాము రొట్టెలు, ఇన్నేళ్ల అరటిపళ్లు ఒక్కసారిగా ఆమె కళ్ల ముందు తిరిగాయి.

"మామా, నిజమా?"

"అబద్ధం," అన్నాడు ఆయన కళ్లు తెరవకుండా. "నాకు తీపంటే ప్రాణం." ఊరగాయ బద్ద ఈ బుగ్గ నుంచి ఆ బుగ్గకు మార్చాడు.

"ఒద్దని చెప్పి, తీసుకోని పక్కన పెట్టొచ్చు గదా. తినాల్నా?"

"పక్కన పెడితే వాళ్ల మనసేం గాను?" వరదరాజులు చిరాగ్గా లేచి కూర్చున్నాడు. "మూడు గంటలకు లేచిందంట ఆమె. ఆవుకు తెచ్చింది వెనక్కి పోకూడదని వాళ్ల నమ్మకం. తప్పని నేను వాదించేదా? ఆవు పొట్ట చెడకూడదు, వాళ్ల మనసు చెడకూడదు. మధ్యలో నా పొట్ట ఖాళీగానే ఉండె. ఏంది అట్ల చూస్తుండావు? పోయి చామంతికి గడ్డి వెయ్యి."

తిలకవతి ఏడవలేదు. ఏడిస్తే ఆయన తిడతాడు. కొంగు బిగించి నేరుగా వాద్యారింటికి పోయింది. ఆవుకు ఇక మీద ఎవరూ తీపి పెట్టకూడదు, అవిసాకు కట్టలు పెట్టమని పూజలోనే చెప్పాలి, చెప్పకపోతే చామంతి ఏ గుమ్మమూ తొక్కదు, అని నిలబడి చెప్పింది. ముత్యాలపేట నుంచి లాస్‌పేట దాకా బాజాకు బెదరని ఆవు ఒకటే ఉందని వాద్యారుకూ తెలుసు. అవిసాకు మహా శ్రేష్ఠమని ఆయనకు అప్పటికప్పుడే జ్ఞాపకం వచ్చింది.

అంతా సుఖంగా ముగిసేదే. కానీ రాజరత్నం గృహప్రవేశమైన వారానికి, మూడేళ్లుగా కదలని ఆయన పొలం పట్టా కాగితం కదిలింది. "ఆవు తినాల్సింది ఆ పెద్దాయన తిన్యాడు, ఆ ఫలమే," అంది పొన్నమ్మాళ్. రఘునాథన్ తన బదిలీ కథ దానికి జోడించాడు. మాట నెలలో ఊరంతా చుట్టొచ్చింది.

తర్వాతి ముహూర్తం ముత్యాలపేటలోనే, ముకుందన్ అనే బట్టల వ్యాపారి కొత్తింట్లో. చామంతి నున్నగా, నిండు పొదుగుతో వచ్చి నిలబడింది. అలవాటు కొద్దీ వరదరాజులూ వచ్చాడు, ఇక పని లేదు కదా అని గొడుగు ఊపుకుంటూ. జనం వరసగా అవిసాకు కట్టలు పెట్టారు. చామంతి పరపరా నమిలింది. ఆయన మొహంలో ఆ సంతోషం చూడాలి.

అప్పుడు వాద్యారు గొంతు సవరించుకుని, "గోవుకు ఆకు అయింది. ఇప్పుడు కార్జం మామకు పొంగలి," అన్నాడు.

జనం ఆయన వైపు తిరిగారు. వరస ఆయన ముందు మొదలైంది. వరస చివర గేటు బయట ఉంది. మొదటి గరిటె పట్టుకుని ముకుందన్ భక్తిగా వంగాడు. వరదరాజులు మొహంలో రక్తం ఇగిరిపోయింది. ఆయనకు తీపంటే ప్రాణమని ఊరంతా నమ్మింది, అమ్మాయమ్మా తిలకవతీ తప్ప. ఆయన మెడ ముందుకు చాచి నోరు తెరిచాడు.

గరిటె నోటి దాకా రాలేదు. పలుపు వదిలేసి తిలకవతి మధ్యలో నిలబడింది. గరిటె పుచ్చుకుంది, అంతా నోట్లో వేసుకుంది, నమిలి మింగింది, కొంగుతో మూతి తుడుచుకుంది.

"ఏందమ్మా ఇది?" అన్నాడు ముకుందన్.

"ఆయనకొద్దు," అంది తిలకవతి. "ఆయన కార్జమే చేసుకుంటాది. తర్వాతెవురు?"